పసుపు వైరు, ఎర్ర వైరు

నేను చదివింది బి.కాం. ముప్ఫయ్యేళ్లకు పైబడి బ్యాంకులో ఉద్యోగం. కరెంటుతో నాకున్న సంబంధమల్లా నెలనెలా బిల్లు కట్టడం, ఫ్యూజు పోతే ఎలక్ట్రీషియన్‌కు కబురు పెట్టడం. అలాంటి నేను 2009లో మా మారుతి 800 కారులో పాటల సెట్టును నా చేతులతో నేనే బిగించాను. ఈ సంగతి ఆఫీసులోనూ పెళ్లిళ్లలోనూ చాలామందికి గొప్పగా చెప్పుకున్నాను. అయితే ఎప్పుడూ సగమే చెప్పేవాణ్ణి. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

మాది మదనపల్లె వైపు నుంచి తాతగారి కాలంలో బెంగళూరుకు వచ్చి మల్లేశ్వరంలో నిలిచిపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. మా పిల్లల కాలానికి కన్నడం గడప లోపలికి కూడా వచ్చింది, దాని కొంగు పట్టుకుని ఇంగ్లీషూ వచ్చింది. మా నాయన రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమాస్తాగా చేసి 1993లో రిటైరయ్యారు. ఆయనకు రెండే వ్యసనాలు. ఒకటి, రోజువారీ జమాఖర్చు రాయడం. రెండోది, పాత తెలుగు పాటలు. బిస్కెట్ల డబ్బాలో అరవై దాకా క్యాసెట్లుండేవి. ఘంటసాల, లీల, సుశీల, వాళ్లందరికంటే ఒక మెట్టు పైన పి.బి. శ్రీనివాస్. ఆ అభిమానంలో కొంత ఊరి రాజకీయం కూడా ఉండేది. రాజ్‌కుమార్‌కు ఏళ్ల తరబడి గొంతు ఇచ్చిన శ్రీనివాస్ కాకినాడలో పుట్టినవాడని మా ఎదురింటి కన్నడ పెద్దాయనకు గుర్తు చెయ్యడం నాయనకు పండగ. "పుట్టింది మీ ఊళ్లోనే కావచ్చు రాయరే, పాడింది మాకు" అని ఆయన. ఇరవయ్యేళ్లపాటు ఈ వ్యాజ్యం తెగలేదు.

కారు 1998లో స్టాఫ్ లోను పెట్టి కొన్నది. అందులో పాటల సెట్టు లేకపోతే ఒక దుకాణంలో క్యాసెట్ ప్లేయర్ పెట్టించాం. పదేళ్లకు అది టేపును పాడటం మాని నమలడం మొదలుపెట్టింది. రెండు మంచి క్యాసెట్లు దాని కడుపులోకి పోయాక నాయన ఇక దాని జోలికి పోలేదు. అప్పుడు మా అమ్మాయి వేసవి సెలవుల్లో ఆ క్యాసెట్లన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించింది. టేప్ రికార్డరు నుంచి కంప్యూటరుకు ఒక వైరు తగిలించి, గంట క్యాసెట్టును గంటసేపూ పాడించాలి. దగ్గరి దారి లేదు. ఆ రెండు నెలలు ఇల్లంతా పాత పాటలే. చివరికి అరవై క్యాసెట్లూ టేపు బుసతో సహా బొటనవేలంత పెన్‌డ్రైవులో ఇమిడిపోయాయి. నాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇంత డబ్బా సరుకు ఇంతలో పట్టిందంటే తూకంలో ఏదో మోసముంది" అన్నారు. పార్సెల్ ఆఫీసు మనిషి కదా.

పెన్‌డ్రైవు పెట్టే సెట్టు కోసం జె.సి. రోడ్డుకు వెళ్లాను. బెంగళూరులో ఉండేవారికి ఆ రోడ్డు గురించి చెప్పనక్కరలేదు. కారుకు కావలసిన ప్రతి వస్తువూ, అక్కరలేని వస్తువులు అంతకు రెట్టింపూ దొరుకుతాయి. సెట్టు మూడువేల రెండువందలకు కుదిరింది. బిగించడానికి వేరే నాలుగువందల యాభై అన్నాడు. ఎంత బేరమాడినా రూపాయి తగ్గలేదు. "మీరే బిగించుకోండి సార్, ఏముంది" అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు రోషం వచ్చింది. పెట్టె చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో నాలుగు యాభై వాట్లు అని ఉంది. తర్వాత తీరిగ్గా లెక్క వేసి చూశాను. కారు నడుస్తున్నప్పుడు వచ్చేది పద్నాలుగున్నర వోల్టులకు కాస్త తక్కువ. నాలుగు ఓముల స్పీకరుకు ఆ వోల్టేజీతో శుభ్రంగా ఇవ్వగలిగింది ఇరవై ఆరు వాట్లు, అదీ సెట్టులో ఏమీ నష్టం కాకపోతే. మిగతా ఇరవై నాలుగు, రానిబాకీలను కూడా ఆస్తుల్లో కలిపి చూపించిన బ్యాలెన్స్ షీటు లాంటివి.

ఆదివారం పొద్దున పని మొదలుపెట్టాను. సెట్టుతో వచ్చిన చిన్న పుస్తకంలో మొదటి మాట, బ్యాటరీ నెగటివ్ ముందు విప్పమని. పది నంబరు స్పానరుతో విప్పాను. పాత క్యాసెట్ ప్లేయరు బయటికి లాగితే దాని వెనక వైర్ల ముద్ద. దుకాణంవాడు ఏ రంగు వైరు చేతికి దొరికితే దాన్ని వాడాడు. అంతకంటే ముఖ్యం, వెనక పలక మీది రెండు స్పీకర్లకూ ఒక్కొక్క వైరే లాగి, రెండో కొసను కారు బాడీకే తగిలించాడు. పాత సెట్టుకు అది చెల్లింది. కొత్త సెట్లకు అలా చేస్తే సెట్టు లోపలి ఆంప్లిఫయరు కాలిపోతుంది. ఒక్కొక్క స్పీకరుకు దాని ప్లస్సు, దాని మైనస్సు విడివిడిగా సెట్టుదాకా రావాలి. ఎవరి ఖాతా వారిది, జాయింటు ఖాతాలు కుదరవు. అందుకని మ్యాటు ఎత్తి, వెనక సీటు తీసి కొత్త వైర్లు లాగాను. ఆ మ్యాటు కింద మా అబ్బాయి పోగొట్టుకున్న చెస్ గుర్రం దొరికింది.

సెట్టు వెనక పన్నెండు వైర్లు వేలాడుతుంటాయి గానీ, చూసి భయపడనక్కరలేదు. తెలుపు, బూడిదరంగు, ఆకుపచ్చ, ఊదా, ఈ నాలుగు రంగులూ నాలుగు స్పీకర్లవి. నల్లచార ఉన్నది మైనస్సు. మాకున్నవి వెనక రెండు స్పీకర్లే గనుక ఆకుపచ్చ, ఊదా జతలు కలిపి, ముందువాటి కొసలు ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా టేపు చుట్టాను. నలుపు బాడీ ఎర్త్. నీలం రంగు ఏరియల్‌కు, మాకు అక్కరలేదు. ఇక మిగిలినవి రెండు, పసుపూ ఎరుపూ.

అమ్మ కాఫీ తెచ్చి ఆ రెంటినీ చూసి, "పసుపూ కుంకుమా కలిసున్నాయి, శుభమే" అంది. కాంపౌండు గోడ మీదుగా చూస్తున్న ఎదురింటాయన "నమ్మ బావుట!" అన్నాడు. ఆయనకు అందులో కన్నడ జెండా కనిపించింది.

ఈ రెండు వైర్ల తేడా తెలుసుకోవడానికి నాకు మధ్యాహ్నందాకా పట్టింది. రెండూ పన్నెండు వోల్టులే. పసుపు వైరు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా నేరుగా రావాలి, ఎప్పుడూ కరెంటు ఉండాలి. పాట పాడటానికి కావలసిన కరెంటంతా అందులోంచే వస్తుంది, సెట్టులోని గడియారం, రేడియో స్టేషన్ల జ్ఞాపకం నిలిచేది కూడా దానివల్లే. ఎర్ర వైరు తాళం నుంచి రావాలి, తాళంచెవి తిప్పినప్పుడే అందులో కరెంటు ఉండాలి. అది మోసే కరెంటు కొంచెమే. సొమ్మంతా పసుపుది, ఆ సొమ్ము ఖర్చు పెట్టవచ్చునని సంతకం చేసే అధికారి ఎరుపు. ఈ పోలిక తట్టాక నాకు అంతా తేటపడింది. మల్టీమీటరు పట్టుకుని తాళం వెనక వైర్లలో చెవి తిప్పితేనే వెలిగేదాన్ని వెతికి పట్టుకున్నాను, ఎరుపును దానికి కలిపాను. సాయంత్రం నాలుగింటికి బ్యాటరీ తగిలించి చెవి తిప్పితే పి.బి. శ్రీనివాస్ పలికాడు. నాయన వెనక సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నారు. నాలుగువందల యాభై రూపాయలు మిగిలాయి.

ఇక్కడిదాకా అందరికీ చెప్పిన సగం.

నాయనకు అప్పటికి డెబ్భై నాలుగు. చెవి కొంచెం మందం. ఇంట్లో పాట పెట్టుకుంటే గట్టిగా పెట్టాలి, పెడితే పిల్లల చదువులకు అడ్డం, టి.వి.కి అడ్డం. ఎవరూ ఏమీ అనకపోయినా ఆయనే తగ్గించేసేవారు. కారులో ఆ బాధ లేదు. సాయంత్రం గేటు లోపలే నిలిపి ఉన్న కారులో అద్దాలు ఎక్కించుకుని ఎంత గట్టిగానైనా వినవచ్చు. చిక్కల్లా తాళంచెవి. అది నా గుత్తిలో ఉండేది, నేను బ్యాంకునుంచి ఇల్లు చేరేసరికి ఎనిమిది. ఒకరోజు, "ఏమిరా, పాట వినేదానికి కూడా నీ పర్మిషను కావల్నా?" అన్నారు నవ్వుతూనే. కారు డోరుకు మేము తాళం వేసేవాళ్లం కాము. డూప్లికేటు చెవి బీరువాలో ఎక్కడో ఉంది. దాన్ని వెతికి ఇచ్చి ఉంటే సరిపోయేది.

నేనప్పటికి వైర్ల పండితుణ్ణి అయిపోయాను. ఆ ఆదివారం సెట్టు బయటికి లాగి, ఎర్ర వైరును తాళం నుంచి విడదీసి పసుపు వైరుతో కలిపి టేపు చుట్టాను. అయిదు నిమిషాల పని. ఇక చెవితో నిమిత్తం లేకుండా మీట నొక్కితే పాట వస్తుంది. అలా కలపవద్దని పుస్తకంలో ఉంది. చదివాను కూడా. ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేసి డ్రాయరులో పెట్టుకునే ఆఫీసర్లను మా బ్యాంకులో ఎంతమందిని మందలించానో నాకే లెక్క లేదు. ఇంట్లో నేను చేసింది సరిగ్గా అదే.

నాయన సంబరపడ్డారు. రోజూ ఆరింటికి వెళ్లి ఏడింటికి వచ్చేవారు. సెట్టు ముఖం మీద నీలం వెలుగు ఉంటుందేమని అడిగితే, "గడియారం నాయనా, అది ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది" అని చెప్పాను. గడియారం లోపల నడుస్తుందన్నది నిజమే. వెలుగు ఉంటే సెట్టు ఆగలేదని అర్థం. ఆ తేడా చెప్పాలని నాకు తోచలేదు.

నవంబరులో ఒక సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి అమ్మకు ఊపిరాడలేదు. గుండె పట్టేసినట్టుందంది. ఒళ్లంతా చెమట. ఆమెను మోసుకొచ్చి కారులో కూర్చోబెట్టి చెవి తిప్పాను. టక్కుమన్న చప్పుడు కూడా లేదు. లైట్లు లేవు, హారను లేదు. మా వీధి కాస్త వాలు గనుక నేనూ మా అబ్బాయీ, పాలవ్యానులో వచ్చిన కుర్రాళ్లిద్దరూ కలిసి నెట్టాం. అమ్మ లోపలే ఉంది. వీధి చివరిదాకా నెట్టినా ఇంజను అందుకోలేదు. బ్యాటరీలో చుక్క కూడా లేకపోతే నెట్టినా ప్రయోజనం లేదని, ప్లగ్గులో నిప్పు పుట్టడానికి కూడా కాస్త కరెంటు కావాలని మెకానిక్కు తర్వాత చెప్పాడు. ఎదురింటాయన లుంగీతోనే పరుగెత్తుకొచ్చి, "బన్ని సార్, నమ్మ గాడి ఇదె" అన్నాడు. అమ్మను ఆయన కారులోకి మార్చాం. అంతా కలిసి ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యం.

అమ్మ బతికింది. ఆ తర్వాత ఇంకో ఏడేళ్లు ఉంది. మొదటి రెండు రోజులు మాత్రం డాక్టరు మాట ఇవ్వలేదు.

ఆ రెండు రోజుల్లో ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని మందుల బిల్లు వెనక లెక్క వేశాను. శనివారం సాయంత్రం ఏడింటికి నాయన కారు దిగారు. ఆదివారం ఇంటికి చుట్టాలు రావడంతో కారు దగ్గరికి ఎవరూ పోలేదు. సోమవారం నాలుగింటికి ముప్ఫయి మూడు గంటలు. పాట వినపడకపోయినా ఆగకుండా ఉన్న సెట్టు గంటకు ఒక ఆంపియరు తిన్నదనుకున్నా ముప్ఫయి మూడు. మా బ్యాటరీ కొత్తదైతే ముప్ఫయి అయిదు. అది నాలుగేళ్ల పాతది.

సాయంత్రం నాయన ఆసుపత్రికి వచ్చినప్పుడు, ఎందుకడిగానో ఏమో, శనివారం సెట్టు ఆపారా అని అడిగాను. "ఆపినానే. పూర్తిగా ఎడమ పక్కకు తిప్పేసినానే" అన్నారు. వెంటనే నాకు అర్థమైంది. ఆయన జీవితమంతా వాడిన రేడియోకైనా ట్రాన్సిస్టరుకైనా, చివరికి పాత క్యాసెట్ ప్లేయరుకైనా గుండీ ఒకటే. శబ్దం తగ్గించుకుంటూ ఎడమకు తిప్పితే చివర టిక్కుమని ఆగిపోయేది. కొత్త సెట్టు గుండీకి చివరనేది లేదు, ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది. శబ్దం సున్నా అవుతుంది, సెట్టు ఆగదు. ఆపడానికి వేరే మీట ఉంది. అంతకుముందు సాయంత్రాల్లోనూ ఆయన ఇలాగే చేసి ఉంటారు. రాత్రి కారు షెడ్డులో పెట్టేటప్పుడు నేనే మీట నొక్కేవాణ్ణి, ఏమీ ఆలోచించకుండా. ఆ శనివారం నేను నొక్కలేదు. ఎర్ర వైరు ఉండవలసిన చోట ఉంటే ఇవేవీ జరిగేవి కావు.

ఈ మాట నా నోటిదాకా వచ్చింది. ఈలోగా నాయన నా ముఖం చూసి, "లేదేమోలే. మరిచిపోయి వచ్చేసినానేమో. ఈ నడుమ అన్నీ మరుస్తాండాను" అన్నారు.

"పోనీలెండి నాయనా, ఎవరికైనా జరుగుతుంది" అన్నాను నేను.

ఇలా క్షమించేశాను నేను ఆయనను.

అమ్మ ఇంటికి వచ్చాక ఒకరోజు ఎవరూ చూడకుండా పసుపునూ ఎరుపునూ విడదీసి, ఎరుపును మళ్లీ తాళానికి కలిపాను. కొత్త బ్యాటరీ వేయించాను. డూప్లికేటు చెవి వెతికి నాయన మంచం పక్కన మేకుకు తగిలించాను. "ఇకమీదట చెవి ఉండాలి, బ్యాటరీకి మంచిది" అని మాత్రం చెప్పాను. ఆయన రెండు నెలలు కారు వైపు పోలేదు. ఆ రెండు నెలల్లోనే పింఛను పాస్‌బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వే చూసుకో. నాకు గుర్తుండటం లేదు" అన్నారు. నలభై ఏళ్లు రాసిన జమాఖర్చు పుస్తకం కూడా ఆగిపోయింది. కూరగాయలకు ఒంటరిగా పోవడం మానేశారు. పక్క వీధికి వెళ్లడానికి కూడా మనవణ్ణి తోడు రమ్మనేవారు. మా ఆవిడ ఒకసారి, "మామయ్యకు మతిమరుపేమీ లేదండీ, నేను చెప్పిన ఆరు సరుకులూ చీటీ లేకుండా తెచ్చారు" అంది. నేను మాట మార్చాను.

సంక్రాంతి తర్వాత మళ్లీ కారులో కూర్చోవడం మొదలైంది. అయితే ఇప్పుడు ఆయన జేబులో చిన్న నోటుబుక్కు. కారెక్కగానే టైము రాసేవారు, దిగుతూ టైము రాసేవారు. 18-10, 19-05, రైల్వే పద్ధతిలో. పక్కన పొట్టి సంతకం. తాళంచెవి తీస్తే సెట్టు దానంతటదే ఆగిపోతుందని ఆయనకు నేను చెప్పలేదు. చెబితే మునుపెందుకు ఆగలేదని అడుగుతారు.

ఇలా మూడేళ్లు గడిచాయి.

2012 డిసెంబరులో భోజనాల దగ్గర నాయన, "డి.ఏ. పెరిగినదానికి ఒక నెల బకాయి పడలేదు చూడు" అన్నారు. అంతా పడిందన్నాను. ఆయన పాస్‌బుక్కు చూసి మూడేళ్లయింది. నెలనెలా నేను నోటితో చెప్పే అంకెలే ఆయనకు ఆధారం. అన్నం కలుపుతూనే జూలై నుంచి ఏ నెలకు ఎంత రావాలో, ఎంత వచ్చిందని నేను చెప్పానో వరసగా చెప్పి, తేడా ఎంతో రూపాయలతో సహా తేల్చారు. గదిలోకి వెళ్లి పాస్‌బుక్కు తీసి చూశాను. ఆయన చెప్పిన అంకే. రోజూ వందల ఎంట్రీలు సరిచూసే నాకు అది కనపడలేదు.

మర్నాడు బ్యాంకు నుంచి త్వరగా వచ్చాను. నాయన కారులో ఉన్నారు. ముందు సీట్లో పక్కన కూర్చుని శబ్దం తగ్గించి, పసుపు వైరు, ఎర్ర వైరు, గుండీ, మీట, నీలం వెలుగు, అన్నీ చెప్పాను. "ఆ రోజు మీరు మరిచిపోలేదు నాయనా. మీరు తిప్పింది నిజమే. తప్పు నా వైర్లది" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. బయట ఎదురింటాయన చెట్లకు నీళ్లు పోస్తున్నారు.

"మూడేండ్లు" అన్నారు చివరికి.

నేను తల వంచుకున్నాను.

"అయితే ఇప్పుడు చెవి తీస్తే అదే నిలిచిపోతుందా?"

"నిలిచిపోతుంది నాయనా."

"ఆ పాస్‌బుక్కు తెచ్చి నా బీరువాలో పెట్టు."

తెచ్చి పెట్టాను. మరుసటి సోమవారం ఆయన ఒక్కరే పింఛను పడే బ్రాంచికి వెళ్లి బకాయి కోసం అర్జీ రాసిచ్చి వచ్చారు. వస్తూ కూరగాయలు కూడా తెచ్చారు, కాస్త ముదురు బెండకాయలు. ఆ సాయంత్రం ఆరింటికి యథాప్రకారం కారులో కూర్చున్నారు. ఏడయ్యేసరికి నేను గేటు దగ్గర ఉన్నాను. గుండీ ఎడమకు తిప్పారు. మీట నొక్కారు. చెవి తీశారు. తర్వాత కళ్లజోడు సవరించుకుని, జేబులోంచి నోటుబుక్కు తీసి టైము రాసుకున్నారు.